నీ గిటారు మెడకి లప్పం పెట్టారక్కా

ఎస్తేరక్కా,

నువ్వు పోయి ఏడాది దాటింది. ఎలా ఉన్నావని అడగడానికి నాకు నోరు రావడం లేదు, అందుకని మా సంగతులే చెబుతాను.

అమ్మ బాగానే ఉంది. మోకాళ్ళ నొప్పి తగ్గలేదు, పెరగనూ లేదు. పటమటలో ఇల్లు అదే. పంపు పొద్దున కాసేపు నీళ్ళిచ్చి, మిగతా రోజంతా దగ్గుతూ ఉంటుంది. ఆటోనగర్‌లో నా పనీ అదే, లారీలకి బాడీలు కట్టడం. మేస్త్రీ అదే మేస్త్రీ, తిట్లూ అవే తిట్లు.

నా కోపం కూడా అలాగే ఉంది. కామెర్లకి పసరు మందు చాలన్న ప్రతివాడి మీదా కోపం. పచ్చబడిన కళ్ళతో బడికి వెళ్ళి పిల్లలకి ఎక్కాలు చెప్పిన నీ మీద ఇంకా కోపం. ఒక్క వారం సెలవు పెడితే ఆ బడి కూలిపోయేదా?

సరే. ఆ గొడవ మళ్ళీ ఎందుకు... ఇప్పుడు రాసేది నీ గిటారు గురించి. అమ్మకి చదవడం రాదు కాబట్టి ఇది నీకూ నాకూ మధ్యే.

పోయిన ఆదివారం నీ జ్ఞాపకార్థ కూడిక జరిగింది. దానికి నెల ముందే చర్చి అయ్యగారు వచ్చి, ఎవరెవరు ఏం పాడతారో మాట్లాడి వెళ్ళారు. పాటల జట్టులో కొత్తగా చేరిన ఫిలిప్పు అనే ఆయన, తన పెద్ద గిటారుతో తనే వాయిస్తానన్నాడు. అమ్మతో ఏమన్నాడో తెలుసా? "మీ అబ్బాయి చేతులు సుత్తి పట్టే చేతులండీ, పాపం తీగల మీద తిరగవు" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. పాపమట!

మనిషి చెడ్డవాడేం కాదు. నాకే ఒళ్ళు మండింది. అక్కడికక్కడే చెప్పేశాను, అక్క పాట నేనే వాయిస్తానని.

నీ పాట అంటే నువ్వు కట్టుకున్నది, మాటలు లేనిది. సాయంత్రం బడినుంచి వచ్చి, చీరైనా మార్చుకోకుండా గుమ్మంలో కూర్చుని వాయించేదానివి చూడు, అది. నువ్వు దాన్ని ఎక్కడా రాసి పెట్టలేదు, ఇంకెవరికీ నేర్పలేదు. ఇప్పుడు ఈ భూమ్మీద అది నాకొక్కడికే వచ్చు. అది కూడా సగమే. మధ్యలో ఎఫ్ పట్టు వచ్చే చోట నా చెయ్యి ఆగిపోతుంది. చూపుడువేలు అడ్డంగా పడుకోబెట్టి ఆరు తీగలూ ఒకేసారి అదమాలి. నేను అదిమితే మూడు మోగుతాయి, మూడు చచ్చిపోతాయి.

నేను వాయించకపోతే ఆ పాట నీతోపాటే పోయినట్టు. అంతే కదా?

ముందు పెద్ద గిటారు మీద ప్రయత్నించాను. వన్‌టౌన్‌లో వాయిద్యాల దుకాణానికి నీ గిటారు పట్టుకెళ్తే, ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది చిన్నపిల్లల సైజు తమ్ముడూ, నీ ఒడ్డూ పొడుగుకి ఇది చూడు" అని పెద్దది ఒకటి ఒళ్ళో పెట్టాడు. కూర్చున్నాను. కుడి మోచెయ్యి ఆ డొక్క మీదికి ఎక్కించేసరికి భుజం చెవి దగ్గరికి వచ్చింది. ఎడమ చెయ్యి మెడ కొసనున్న మొదటి మెట్టు అందుకోవాలంటే బస్సులో పైకమ్మీ పట్టుకున్నట్టు చాచాలి. మెడ చూస్తే రోకలి. వేళ్ళకి చోటుంది, కాదనను. కానీ కాసేపటికి మణికట్టు పట్టేసింది. నీ పాట మొదటి వరస వాయించాను. అన్ని తీగలూ శుభ్రంగా పలికాయి... అది నీ పాటలా లేదు.

నీ చిన్న గిటారులో అలా కాదు. రైల్వే క్వార్టర్సులో అమ్మ పని చేసిన ఇంటి గార్డుగారి భార్య, ఆస్ట్రేలియా వెళ్ళిపోతూ నీ చేతిలో పెట్టిన రోజు నాకు గుర్తుంది. నువ్వు పావడా కట్టుకునే వయసు. నీకు సరిగ్గా సరిపోయింది. పెద్దదానివయ్యాక కూడా సరిపోతూనే ఉంది. నడుము సన్నం, డొక్క చిన్నది, కుడిచెయ్యి దాని మీద వాలితే భుజం కిందికే ఉంటుంది. మెడ పొట్టి కాబట్టి మోచెయ్యి పక్కటెముకల దగ్గరే ఉంటుంది, చాచే పని లేదు. మెడ వెనక పడవ అడుగులా మధ్యలో ఒక వెన్ను. ఆ వెన్ను మీద ఒక చోట అరిగిపోయి నున్నటి గుంట. కొంత గార్డుగారి భార్య అరగదీసిందేమో. మిగతాదంతా నువ్వే.

ఒక్కటే చిక్కు. తీగలు దగ్గర దగ్గరగా ఉంటాయి. నా వేలు ఒక తీగ మీద పెడితే పక్కదాని మీద సగం కూర్చుంటుంది. నువ్వు నవ్వేదానివి. "మెడ పిసికి చంపుతావేంట్రా దాన్ని! గిటారు ఎక్కడికీ పారిపోదు, వదులు" అనేదానివి. చెయ్యి నొప్పి పుడుతోందంటే, "తప్పు చేతిది, గిటారుది కాదు" అనేదానివి. నేను గిటారుదే అనేవాణ్ణి. ఇప్పటికీ కొంత అదే అంటాను.

ఆ పైన, తల దగ్గర తీగలు కూర్చునే ఎముక ముక్క చిట్లింది. కొత్తది చేద్దామని గిటారుని ఆటోనగర్‌లో మా పని షెడ్డుకి తీసుకెళ్ళాను. అమ్మ విరగ్గొట్టుకున్న కొమ్ము దువ్వెన లేదూ, దాని వీపు కోసి ఆకురాయితో అరగదీసి ముక్క చేశాను. తీగలకి గాట్లు పెట్టేటప్పుడు ఆలోచన వచ్చింది... కొంచెం దూరం దూరంగా పెడితే నా వేళ్ళకి చోటు దొరుకుతుంది కదా అని. పెట్టలేదు. పాతదాన్ని పక్కన పెట్టుకుని నీ గాట్ల కొలతకే కోశాను. ఎందుకో చెప్పమంటే చెప్పలేను.

అన్నం తినే వేళ రోజూ షెడ్డులో సాధన చేసేవాణ్ణి. ఆ ఎఫ్ దగ్గరికి రాగానే మెడ వెనక గుంట అరచేతికి అడ్డంగా తగిలేది. "ఈ సొట్ట దగ్గర చెయ్యి కుదిరి చావడం లేదు" అని విసుక్కునేవాణ్ణి. పెయింటర్ మస్తానన్న అక్కడే బీడీ కాలుస్తూ వినేవాడు. ఇది గుర్తుపెట్టుకో, తర్వాత పనికొస్తుంది.

మస్తానన్న నీకు తెలుసు. లారీ తలుపుల మీద నెమళ్ళు వేసేవాడు. ఆయుధ పూజ రోజు నువ్వు షెడ్డులో కొబ్బరి చెక్కలు తిని గిటారు వాయిస్తే, బ్రష్షు చేతిలోనే ఉంచుకుని నిలబడి విన్నాడే, ఆయన. ఆ తర్వాత నువ్వు నాకు క్యారేజీ తెచ్చినప్పుడల్లా రంగు డబ్బా బోర్లించి, మీద పాత కాగితం పరిచి, "కూర్చో అక్కా" అనేవాడు. నీకంటే పదేళ్ళు పెద్ద. అయినా అక్కా అనే పిలిచేవాడు.

అప్పుడే మేస్త్రీ నన్ను కొండపల్లి పంపాడు. అక్కడ దగ్గర్లో కరెంటు ప్లాంటు కడుతున్నారు. రాళ్ళు మోసే లారీలకి పక్క చెక్కలు విరిగిపోతే అక్కడే వేసి రావాలి. గిటారుని గోనెసంచిలో చుట్టి, షెడ్డులో అటక మీద పెట్టి వెళ్ళాను. వారం తిరక్కుండానే వచ్చేశాను.

వచ్చేసరికి అందరూ నవ్వు ముఖాలతో ఉన్నారు. నాకు అప్పుడే అనుమానం వచ్చింది. మన షెడ్డులో ఊరికే ఎవడూ నవ్వడు.

మస్తానన్న గోనెసంచి తీశాడు.

అక్కా... గిటారంతా ఎర్ర ఎనామిల్. లారీ ఎరుపు. డొక్క మీద రెండు చిలకలు, మధ్యలో తామరపువ్వు, అంచుల చుట్టూ ఆకుపచ్చ తీగ. కింద పసుపు అక్షరాలు, వాటికి నల్ల నీడ. "ఎస్తేరు, పటమట". బండి తలుపు మీద ఓనరు పేరూ ఊరూ రాస్తారు చూడు, అలాగ. కూడికకి అక్క గిటారు పాతగా కనిపించకూడదని షెడ్డంతా కలిసి అనుకున్నారట.

నేను మెడ వెనక చెయ్యి పెట్టాను. గుంట లేదు.

మళ్ళీ తడిమాను. పైనుంచి కిందిదాకా నున్నగా, చల్లగా, బొటనవేలికి జిగురుగా తగిలింది. ఎక్కడా నువ్వు లేవు.

ఎలా అరిచానో నాకే తెలీదు. నీ చేతులు విరగ అన్నాను. ఇంకా చాలా అన్నాను, రాయను. పక్క షెడ్డు వాళ్ళు కూడా వచ్చి చూశారు. మస్తానన్న ముఖం చిన్నబోయింది. "గుంటలున్నాయని లప్పం పెట్టి పూడ్చానురా. మన షెడ్డులోంచి ఏ బండన్నా గుంటలతో బయటికెళ్ళిందా? నువ్వే కదరా రోజూ సొట్ట సొట్ట అని ఏడ్చావ్" అన్నాడు.

సొట్ట అన్నాను, నిజమే. పూడ్చమన్నానా?

మేస్త్రీ వచ్చి మధ్యలో నిలబడ్డాడు. "వెనకాల హారన్ కొట్టు అని రాయలేదు, సంతోషించరా" అన్నాడు. అందరూ నవ్వు ఆపుకున్నారు. నేను నవ్వలేదు. నువ్వైతే పడీ పడీ నవ్వేదానివి. అది తలుచుకుంటే నాకు ఇంకా మండింది. గిటారు సంకలో పెట్టుకుని, ఎవరికీ చెప్పకుండా ఇంటికి వచ్చేశాను.

అమ్మ ఏమందనుకున్నావు? చిలకల మీద చెయ్యి వేసి నిమిరి, "ఎంత బాగా వేశాడ్రా" అంది. "నీ కూతురి గిటారు పాడు చేశాడే" అన్నాను. "పేరు రాశాడు కదరా" అంది. ఆమెకి ఆ అక్షరాలు చదవడం కూడా రాదు. ఏది నీ పేరో అడిగి, వేలు పెట్టి చూపించమంది.

ఆ మాటతో చిలకల్ని ముట్టుకోకూడదనుకున్నాను. మెడ సంగతి వేరు. కూడికకి ఇంకా నాలుగు రోజులుంది. ఆ జిగురు మెడ మీద నా చెయ్యి జరగడం లేదు. ఒక పట్టు నుంచి ఇంకో పట్టుకి వెళ్ళేటప్పుడు బొటనవేలు అతుక్కుపోతోంది. ఇలా అయితే ఎఫ్ దాకా కూడా వెళ్ళలేను. ఫిలిప్పుకి కబురు పెట్టనా అని అమ్మ మెల్లగా అడిగింది కూడా.

గాజుపెంకు తీసుకున్నాను. చెక్క గీకడానికి మేం వాడేది అదే. పెరట్లో ఎండలో కూర్చుని మెడ వెనక రంగు గీకడం మొదలుపెట్టాను. ఆపి ఆపి, కొంచెం కొంచెంగా గీకాను. లారీ బాడీకి వేసే నల్లమద్ది చెక్క మీద అయితే కళ్ళు మూసుకుని గీకుతాను. ఇక్కడ ఒక్క గీత లోతుగా పోతే చాలు, రంగుతోపాటు చెక్కా వస్తుంది. అప్పుడు గుంట ఉంటుంది. కానీ అది నీ గుంటా, నా గాజుపెంకు చేసిందా? ఎవడు చెబుతాడు?

ఎర్ర రంగు పొట్టులా లేచింది. కింద పాత చెక్క కనబడింది, తేనె రంగులో. ఇంకొంచెం గీకాను. అక్కడ ఉన్నట్టుండి తెలుపు.

లప్పం. సుద్దా నూనే కలిపిన ముద్ద. మస్తానన్న ఎక్కడ పూడ్చాడో అక్కడ మాత్రమే ఉంది, పైన సాపు చేసినప్పుడు మిగతాదంతా పోయింది. చుట్టూ రంగు తీసేసరికి ఆ తెలుపు ఒక ఆకారం అయింది. కోలగా, ఒక కొస కొంచెం వెడల్పు, రెండో కొస సన్నం.

నీ బొటనవేలు.

ఇన్నేళ్ళు ఆ గుంట చేతికి తగిలింది కానీ ఎప్పుడూ కంటికి కనబడలేదక్కా. చెక్క మీద చెక్క రంగే కదా. ఇప్పుడు సున్నం పూసినట్టు కనబడుతోంది. చాలాసేపు అలాగే చూస్తూ కూర్చున్నాను. ఏడవలేదు. అమ్మ పక్కనే బియ్యం ఏరుతోంది.

చూస్తూ చూస్తూ ఉంటే అర్థమైంది. ఆ వేలు నేను పెట్టే చోట లేదు. నేను ఉలి పట్టినట్టు బొటనవేలు మెడ మీదినుంచి అవతలికి మెలేసి పట్టుకుంటాను. నీది మెడ వెనక నట్టనడుమ ఉంది, చూపుడువేలికి సరిగ్గా వెనకాల. కొస పైకి, తల వైపుకి వాలి ఉంది. మెలేయడం లేదు, పిసకడం లేదు. ఊరికే ఆని ఉంది.

"నొక్కకురా, ఆనించు" అని నువ్వు ఎన్నిసార్లు అన్నావు? ఎక్కడ ఆనించాలో చెప్పావా? చెప్పే ఉంటావు... నేను వినిపించుకుని ఉండను. లేక నీకే తెలీదా, చెయ్యి దానంతటదే వెళ్ళేదా?

నా బొటనవేలు ఆ తెలుపు మీద పెట్టాను. నాది పెద్దది, చుట్టూ బయటికి వచ్చింది. అయినా పెట్టి, మోచెయ్యి పక్కటెముకల దగ్గరికి దించి, చూపుడువేలు పడుకోబెట్టాను. అయిదు తీగలు మోగాయి. ఒకటి బరికింది.

అయిదు!

అప్పుడు లప్పం ఏం చెయ్యాలా అని ఆలోచించాను. ఉంచితే నీ వేలు రోజూ కంటికి కనబడుతుంది. తీస్తే కనబడదు, చేతికి తగులుతుంది. నేను చూడటానికి కాదు కదా గిటారు పట్టుకునేది... తీసేశాను. ఇనుము తగలనివ్వలేదు. దువ్వెన కొమ్ములో మిగిలిన ముక్కని మొనగా అరగదీసి, దానితో కొంచెం కొంచెంగా తవ్వాను. ఇంకా గట్టిపడలేదు, పిండిలా వచ్చేసింది. చెక్క గీతల్లో మాత్రం సన్నగా తెలుపు ఉండిపోయింది. వెలుతురుకి తిప్పితే కనబడుతుంది. దాన్ని తియ్యలేదు.

కూడిక ఇంటి ముందే షామియానా వేసి పెట్టాం. అయ్యగారి ప్రార్థన కొంచెం పొడుగైంది, చిన్నపిల్లలు బిర్యానీ గిన్నెల వైపే చూస్తున్నారు. ఫిలిప్పు తన పెద్ద గిటారు పక్కనే పెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు, నేను తప్పితే అందుకోవడానికి. మంచికే అనుకుంటాను. నేను ఎర్ర గిటారు తీయగానే ముందు వరసలో ఎవరో ఆడవాళ్ళు కిసుక్కుమన్నారు. చిలకల్ని చూసి.

రంగు వల్ల గిటారు గొంతు కొంచెం మూసుకుపోయింది, నీకు అబద్ధం చెప్పను. ముందున్నంత మోత లేదు. కానీ నీ పాట మొదలు నుంచి చివరి దాకా వాయించాను. ఎఫ్ దగ్గర ఆగలేదు. ఆ ఒక్క తీగ అక్కడా బరికింది. అమ్మ కళ్ళు మూసుకుని ఉంది. అయిపోయాక "ఇదే కదా గుమ్మంలో వాయించేది" అని పక్కావిడతో అంది. అంతే అంది.

మస్తానన్న వచ్చాడు. లోపలికి రాకుండా షామియానా గుంజ పట్టుకుని నిలబడ్డాడు, తెల్ల చొక్కా వేసుకుని. నేను అరిచిన రోజు తర్వాత మేం మాట్లాడుకోలేదు. గిటారుతోనే అతని దగ్గరికి వెళ్ళాను. మెడ చూశాడు. "మళ్ళీ గుంట చేశావేంట్రా?" అన్నాడు బాధగా.

నాకు మళ్ళీ కోపం వచ్చింది. అతని చెయ్యి పట్టుకుని, ఎర్ర రంగు గోళ్ళలో ఇంకా పోని ఆ బొటనవేలు తీసుకుని గుంటలో పెట్టాను.

గుంట అంచు వెంట వేలు జరిపి చూసి, "ఇక్కడేనా?" అన్నాడు.

"ఇక్కడే" అన్నాను.

వేలు వెంటనే తియ్యలేదక్కా. తీశాక చొక్కాకి తుడుచుకోబోయి, ఆగిపోయాడు. తర్వాత ఇద్దరం వెళ్ళి బిర్యానీ తిన్నాం. క్షమించమని అతనూ అనలేదు, నేనూ అనలేదు.

నిన్న పనికి వెళ్ళాను. అన్నం వేళ గిటారు తీస్తే, మస్తానన్న రంగు డబ్బా బోర్లించి, మీద కాగితం పరిచాడు.

ఆ ఒక్క తీగ ఇంకా బరుకుతోంది. వచ్చే ఏటి కూడిక నాటికి బరకదు. మాట ఇస్తున్నాను. నొక్కను, ఆనిస్తాను.

నీ మీద కోపం మాత్రం పోలేదు.

చిన్నోడు